అక్క కాగితం మీద పేర్లు

తేదీ: జూలై, ఆషాఢంలో ఒక ఆదివారం, సాయంత్రం.
స్థలం: నాచారం, మా అక్క ఉండే ఇల్లు, ముందు గది.
హాజరైనవారు: అక్క. ఆమె పెద్ద కొడుకు (దమ్మాయిగూడలో ప్లాట్ల వ్యాపారం). చిన్న కొడుకు (ఇల్లు ఇతనిదే). చిన్న కోడలు (మల్లాపూర్‌లో మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం). అల్లుడు (కోస్తా మనిషి, ఏఎస్ రావు నగర్‌లో కోచింగ్ సెంటర్). అక్క మరిది, అంటే చనిపోయిన మా బావకు తమ్ముడు. నేను.
రానివారు: అక్క కూతురు (పిల్లవాడికి పరీక్ష). పెద్ద కోడలు (తలనొప్పి).

ఆ రోజు నా డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ఆఫీసులో సమావేశాల వివరాలు రాసీ రాసీ అలవాటైన చెయ్యి. రిటైరై ఉప్పల్‌లో ఇల్లు కట్టుకున్నాక కూడా ఇంటి సంగతులను అలాగే రాస్తున్నాను. ఈ పద్ధతిలో ఒక సుఖం ఉంది. ఎవరెవరు ఉన్నారో ముందే రాసిపెడితే, తర్వాత ఎవరూ “ఆ రోజు నేను లేను” అనలేరు. మా వాళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఆ మాట అనని మనిషి లేడు.

అక్కకు ఊపిరితిత్తుల జబ్బు. పెళ్లయిన కొత్తలో కట్టెల పొయ్యి ముందు గడిపిన ఏళ్లు ఇప్పుడు ఛాతీలో కూర్చున్నాయి. పడుకుంటే ఊపిరాడదు. దిండ్లు పేర్చుకుని కూర్చునే నిద్రపోతుంది. మంచం పక్కన ఆక్సిజన్ మెషిన్ ఎప్పుడూ గుర్రుమంటూ ఉంటుంది. పోయిన చలికాలం దవాఖానలో పెట్టి తీసుకొచ్చాక, ఛాతీ డాక్టరు ఆమెతో సూటిగా మాట్లాడాడు. ఇది మళ్లీ వస్తుందమ్మా, ఏదో ఒకసారి గొంతులో పైపు వేసి మెషిన్ మీద పెట్టాల్సిన పరిస్థితి రావచ్చు, దాని మీద నుంచి దిగడం నీ విషయంలో కష్టం, నీకేం కావాలో నోరున్నప్పుడే చెప్పు అన్నాడు.

అక్క దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. మా బావను ఆమె ఐసీయూ తలుపు అద్దంలోంచి చూసింది మరి. మెదడులో నరం చిట్లి పడిపోయిన మనిషిని మెషిన్ మీద పెట్టారు. లాభం లేదని డాక్టర్లు రెండో రోజే చెప్పారు. అయినా రోజూ పొద్దున వాళ్లు బయటికి వచ్చి “ఏం చేద్దామంటారు” అని అడగడం, కారిడార్‌లో నిల్చున్న కొడుకులూ బావ తమ్ముడూ అల్లుడూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం, చివరికి ఎవరో ఒకరు “చేయాల్సినవన్నీ చేయండి సార్” అనడం. వారాలు గడిచాయి. పైపు లాక్కుంటున్నాడని బావ రెండు చేతులనూ గుడ్డపట్టీలతో మంచానికి కట్టేశారు. అక్కకు గుర్తున్నది ఆ పట్టీలే. “దొంగను గట్టినట్టు గట్టిన్రు తమ్మీ” అన్నది ఆ రోజు. ఇప్పటికీ అదే మాట అంటుంది, అదే గొంతుతో.

కాబట్టి డాక్టరు చెప్పిన కాగితం రాయించుకుంటానన్నది. తెలివి సరిగ్గా ఉన్నప్పుడే ఎవరైనా దాన్ని రాసుకోవచ్చు. ఇక కోలుకోనని డాక్టర్లు తేల్చాక, ప్రాణాన్ని సాగదీసే ఫలానా చికిత్సలు నాకు వద్దు అని రాయాలి. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టాలి, నోటరీ చేయించాలి. తనకు నోరు లేనప్పుడు తన తరఫున డాక్టర్లతో మాట్లాడే మనిషి పేరు కూడా అందులో ఉండాలి. “పేర్లు ఎక్కువ రాయొద్దమ్మా. నిన్ను రోజూ చూసుకునే మనిషి ఒక్కరుంటే చాలు. ఎక్కువమంది ఉన్నచోట మాకు జవాబు దొరకదు” అన్నాడు డాక్టరు. ఆ మాట విన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. డైరీలో రాసుకున్నాను.

నేను చిత్తుప్రతి రాశాను. నా పద్ధతిలో మొదటి ప్రతి పెన్సిల్‌తోనే. పేరు రాయాల్సిన చోటు మాత్రం ఖాళీగా ఉంచమన్నది అక్క. పిల్లలను పిలిచి, వాళ్ల ముందు చెప్పి రాయిస్తానన్నది. అది ఆమె మర్యాద. వాళ్లకు అంత మర్యాద అవసరమా అని అడిగితే, “నా పిల్లలు గదరా” అన్నది.

పిల్లలు వచ్చారు. పెద్ద మేనల్లుడు తన కారును గల్లీకి అడ్డంగా ఆపి, బోనాలకు పోయే ఆడవాళ్లు పక్కకు ఒదిగి నడుస్తుంటే చూస్తూ లోపలికి వచ్చాడు. చేతిలో మిర్చిబజ్జీల పొట్లం. ఊపిరాడని మనిషి ఉన్న ఇంటికి నూనె ఘాటు మోసుకొచ్చే ప్రేమ అతనిది. కాగితం తీసుకుని, సేల్‌డీడ్ చదివినట్టు, చివరి పేజీ ముందు చూశాడు.

“ఇది ఎవరు రాయమన్నరమ్మా నిన్ను?” అన్నాడు. ప్రశ్న తల్లికి. చూపు వంటింటి గుమ్మంలో నిలబడ్డ మరదలి మీద.

“డాక్టరు జెప్పిండు. నాకు గూడ నోరున్నది” అన్నది అక్క.

“గట్ల గాదమ్మా. ఇంతమందిమి ఉండంగ గీ కాగితాలేంది? మేం సూస్కోమా నిన్ను?”

“మీ నాయినను సూస్కున్నట్టేనా?”

బయట మైకులో అమ్మవారి పాట మారింది. గదిలో అందరూ దాన్నే శ్రద్ధగా విన్నారు.

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. “అత్తయ్య గారూ, కాన్సెప్ట్ మంచిదేనండి. ఫారిన్‌లో అందరూ చేయించుకుంటారు. కాకపోతే మనవాళ్ల ఎమోషన్స్ కూడా మనం కొంచెం…” అని ఆగాడు. ఇతను ఏ వాక్యాన్నీ పూర్తి చేయడు. కోచింగ్ సెంటర్లో మిగతా సగాన్ని పిల్లలు పూరిస్తారేమో, దానికి ర్యాంకులు కూడా వస్తాయేమో.

అసలు మాట అడిగింది మరిది. ఆయన మా ఈడువాడే. అప్పటిదాకా శాలువా సర్దుకుంటూ కూర్చున్నాడు. “అయితే ఇందుల పేరు ఎవలది రాస్తున్నరు?”

“చిన్నదానిది” అన్నది అక్క.

అప్పటిదాకా ఈ కాగితమే వద్దన్న వాళ్లు ఆ క్షణం నుంచి ఆ సంగతే మర్చిపోయారు. పైపు, మెషిన్, అక్క చేతులు, ఏవీ ఎవరికీ గుర్తులేవు. పేరు. అదొక్కటే మిగిలింది.

“కొడుకులుండంగ కోడలి పేరా?” అన్నాడు పెద్ద మేనల్లుడు. “రేపు లోకం ఏమంటది? అత్తను కోడలే పంపిచ్చిందంటరు.”

“లోకం వచ్చి అత్తమ్మకు నెబ్యులైజర్ పెడ్తదా బావ?” అన్నది చిన్న కోడలు గుమ్మంలోంచి.

“నువ్వు ఊకో. నిన్ను ఎవలన్న ఏమన్న అన్నరా?”

“అనలే. సూశిన్రు.”

ఆమె మొగుడు, నా చిన్న మేనల్లుడు, నేల మీద గచ్చు చూస్తున్నాడు. ఆ గచ్చు అతనికి బాగా పరిచయం. తండ్రి దవాఖానలో ఉన్నప్పుడు కూడా కారిడార్ గచ్చే చూశాడు.

మరిది ఇక పాత దస్త్రం విప్పాడు. ఈ చిన్న మేనల్లుడి పెళ్లి పత్రికలో ఆయన పేరు పైవరుసలో వేయకుండా కింద బంధువుల్లో వేశారట. ఆ రోజు ఆయన భోజనం చేయకుండా వెళ్లిపోయాడు. “అప్పుడు గట్లనే జేసిన్రు. ఇప్పుడన్న పద్ధతి ప్రకారం గానియ్యిన్రి వదినె. ఇంటి పెద్దను నేనున్న. ముందుగాల నా పేరు రావాలె.”

“చిన్నాయిన పేరు రాయిన్రి, నేనొద్దంటలే. గని తలకొరివి వెట్టేది నేను. మొదలు నాది రావాలె” అన్నాడు పెద్ద మేనల్లుడు. తలకొరివి అందుకోవాల్సిన మనిషి ఎదురుగా కూర్చుని ఊపిరి లాగుతూ వింటున్నది. అతనికి అది అడ్డం కాలేదు. పైగా తన వ్యాపారంలోని ధర్మం ఒకటి చెప్పాడు. “ఒక్కరి పేరు మీద ఉంటేనే డిస్ప్యూట్ వస్తది మామ. ప్లాటైనా గంతే. అందరి పేర్లు ఎక్కిస్తే ఎవలకు ఎవల మీద అనుమానముండది. జాయింట్‌గా ఉండాలె.”

భూమిని ఎవరూ ఒంటరిగా అమ్ముకోకుండా కట్టే కట్టు అది. దాన్నే తెచ్చి తల్లి ఊపిరికి కట్టబోతున్నాడు. డాక్టరు చెప్పిన మాట నేను డైరీ చూసి చదివి వినిపించాను. ఒక్కరు చాలన్నాడు, ఎక్కువమంది ఉంటే జవాబు దొరకదన్నాడు అని.

“డాక్టర్లు గట్లనే అంటరు” అన్నాడు మరిది. “వాళ్లకు సుట్టరికాలు తెల్వయి.”

“మా ఆవిడ పేరు కూడా ఉండాలి కదండీ” అన్నాడు అల్లుడు. “ఆడపిల్లను వదిలేశారంటే రేపు…”

“ఆమె పేరా, మీ పేరా?” అని అడిగాను.

“ఇద్దరివీ వేసేయండి మావయ్య గారూ. దంపతులు కదా.”

“అయితే మా ఇంటామెది గూడ రాయిన్రి” అన్నాడు పెద్ద మేనల్లుడు. దమ్మాయిగూడకు ఫోన్ కలిపాడు. తన పేరు వస్తుందనగానే పెద్ద కోడలికి తలనొప్పి తగ్గింది. స్పీకర్‌లో ఆమె ఇంటిపేరు, అసలు పేరు విడదీసి చెప్పింది, తప్పు పడకూడదని. మరిది తన కొడుకు పేరు కూడా చేర్చమన్నాడు. ఆ అబ్బాయి ఏదో దవాఖానలో మార్కెటింగ్ చేస్తాడు కాబట్టి పనికొస్తాడట.

నేను అక్క వైపు చూశాను. మోకాళ్ల మీద అరచేతులు ఆనించుకుని, పెదాలు సున్నాలా చుట్టి ఊపిరి వదులుతున్నది. “రాయి తమ్మీ” అన్నది. “అందరియి రాయి.”

రాశాను. పెన్సిలే కదా అనుకున్నాను. మొదట మరిది. పెద్ద కొడుకు రెండోవాడయ్యాడు, కానీ అక్షరాలు కొంచెం పెద్దగా రాయమన్నాడు. తర్వాత పెద్ద కోడలు, కూతురు, అల్లుడు, మరిది కొడుకు. చిన్న మేనల్లుడు “నాది యాడ రాసిన నాకేం లేదు మామ” అన్నాడు, రాశాను. పుట్టింటి తరఫున ఒకరుండాలని నా పేరూ రాయించారు. ఖాళీగా వదిలిన గీతలు నిండిపోయి పేర్లు అంచులోకి పాకాయి.

“చిన్న కోడలిది?” అన్నాను.

“ఆమె ఇంట్లనే ఉంటది గదా బావ, మల్ల పేరెందుకు?” అన్నాడు మరిది.

ఇంత సత్యం ఆయన నోటి నుంచి ఎన్నడూ రాలేదు. పెళ్లి పత్రిక మీద వంటవాళ్ల పేర్లు ఎవరు వేస్తారు?

“దానిది గూడ రాయి. ఆఖర్ల రాయి” అన్నది అక్క.

ఇక సంతకం ఎప్పుడు అన్న మాట వచ్చింది. రేపే అన్నాను. ఆషాఢంలో వద్దు, శ్రావణంలో మంచిరోజు చూద్దామన్నాడు మరిది. అక్క ఆయన ముఖంలోకి చూసింది. “నడుమల ఆయాసమొస్తే శ్రావణందాక ఆగుమని జెప్తవా మరిది దానికి?” ఆయన కొంచెం దిగివచ్చి, కనీసం సోమవారం రాహుకాలమన్నా పోనివ్వండి అన్నాడు. అది దాటాక తొమ్మిదింటికి అని తేలింది. బజ్జీలు తిన్నారు. అల్లుడు ఫోన్ చాచి పట్టుకుని అందరినీ దగ్గరికి జరగమన్నాడు. నడుమ కాగితం పట్టుకుని అక్క, చుట్టూ పళ్లు కనిపించేలా మావాళ్లు. చిన్న కోడలు ఆ ఫోటోలో లేదు. నూనె ఘాటుకు అక్కకు దగ్గు మొదలైతే నెబ్యులైజర్‌లో పీల్చే మందు నింపడానికి లోపలికి వెళ్లింది.

అందరూ పోయాక నేనూ లేచాను. అక్క నన్ను ఆపింది. “ఆ కాగితం ఇంటికి తీస్కపో. పొద్దున నీ ఫోన్ దగ్గర పెట్టుకో.”

“ఎందుకక్కా?”

“పెట్టుకో తమ్మీ. కన్నదాన్ని నేను.”

షేర్ ఆటోలో ఉప్పల్ వెళ్తూ ఆ మాటకు అర్థం వెతికాను. దొరకలేదు. దొరకాల్సింది. ఇన్నేళ్లుగా వీళ్లందరినీ డైరీలోకి ఎక్కిస్తున్నది నేనే కదా.

మర్నాడు పొద్దున నేను టీ తాగుతుండగానే ఫోన్ మోగింది. అల్లుడు.

“మావయ్య గారూ, రాత్రంతా మా ఆవిడ నిద్రపోలేదండి. నాకు తెలిసిన లాయర్ ఒకాయన్ని అడిగాను. ప్రాబ్లం ఏం లేదంటున్నారు. కానీ రేపు ఆ టైమ్‌కి మేం ఊళ్లో ఉంటామో లేదో, అందుకని మా పేర్లు…”

“తీసెయ్యమంటారు.”

“అదేనండి. సపోర్ట్ మాత్రం ఫుల్‌గా ఉంటుంది.”

రబ్బరు తీసి రెండు పేర్లు తుడిచాను. పొట్టు ఊదేలోగా పెద్ద మేనల్లుడు. కారులో ఉన్నట్టున్నాడు, హారన్లు వినిపిస్తున్నాయి.

“మామ, నాకు బీపీ ఉన్నదని తెలుసు గదా నీకు. పైపు వద్దు అనే మాట కొడుకును నేనెట్ల అంటనే? నాతోటి గాదు. నాది, మా ఇంటామెది తీసెయ్.”

“నిన్న తలకొరివి అన్నవు.”

“అది వేరే మామ. అది ఎట్లయిన జెయ్యాల్సిందే. గిది నోటితోటి జెప్పుడు గదా.”

ఈ వాక్యాన్ని నేను డైరీలో అక్షరం మార్చకుండా రాసుకున్నాను. ఈ వంశానికి ఎవరైనా రాయి పాతితే దాని మీద చెక్కించవచ్చు. బావ ఆ మంచం మీద అన్ని వారాలు ఎందుకున్నాడో ఇందులో మొత్తం ఉంది. కొరివి పెట్టడానికి అందరూ ముందుకొస్తారు. చెప్పడానికి ఎవరూ ఉండరు.

మరిది ఫోన్ చేయడానికి రాహుకాలం అడ్డు రాలేదు. “బావ, నాది తీసెయ్. మావోనిది గూడ. లేనిపోని పంచాయతి మనకెందుకు. గని తీసేసినట్టు ఎవ్వలకు జెప్పకు. అడిగితే మొదటి పేరు నాదే ఉన్నదని జెప్పు.”

నాచారం చేరేసరికి చిన్న మేనల్లుడు టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దగ్గర ఎదురయ్యాడు. డ్యూటీకి పోతున్నాడు. “మామ, నాది…” అన్నాడు.

“నీది గూడనా?”

“ఆమె ఉన్నది గదా మామ” అన్నాడు, ఇంటి వైపు చూపించి. బండి స్టార్ట్ చేశాడు. ఇతని మీద కోపం కూడా తెచ్చుకోలేం. కోపానికి పట్టు దొరకాలి కదా.

లోపల అక్క దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. “ఎంతమంది మిగిలిన్రు?” అని అడిగింది.

“నేను, నీ కోడలు.”

“నీది గూడ తీసెయ్ తమ్మీ. నీకూ నాకు ఎంత తేడా? నేను మెషిన్ మీదుండే యాళ్లకు నువ్వు పక్క మంచం మీదుంటవు.”

నా పేరూ తుడిచాను. చిన్న కోడలు ఆ పూట సెలవు పెట్టింది. నెబ్యులైజర్ మాస్క్ వేడినీళ్లలో కడుగుతున్నది. నీ పేరు ఉంచమంటావా అని అడిగాను.

“ఫోన్ జేసి తీసెయ్యమనేటందుకు నాకు పొద్దున తీరిక యాడ దొరికింది మామయ్య?” అన్నది. తర్వాత చేతులు తుడుచుకుని అక్క ఎదురుగా మంచం మీద కూర్చున్నది. “నాకు బయమున్నది అత్తమ్మ. రేపు మీకు ఊపిరందక నన్ను గట్టిగ పట్టుకుని దవాఖానకు తీస్కపో అంటే నేనేం జెయ్యాలె? ఈ కాగితం సూసుకుంట కూసోవాల్నా?”

నిన్న సాయంత్రం అంతమంది అంతసేపు కూర్చుని అడగని ప్రశ్న అది. ఆ గదిలో అడగాల్సిన ప్రశ్నే అదొక్కటి.

అక్క తొందరపడలేదు. ఊపిరి కూడదీసుకుని, ఒక్కొక్క మాట చెప్పింది. “తీస్కపో. అంబులెన్స్ పిలు. ఆక్సిజన్ పెట్టనియ్యి, సూదులు ఇయ్యనియ్యి. మంచిగైతదంటే మంచిగ జెయ్యమను. ఇగ గాదని డాక్టర్లు జెప్పినంక గొంతుల పైపు ఎయ్యనియ్యకు. ఆయాసం తెల్వకుంట మందియ్యమను. నా చేతులు కట్టనియ్యకు. నువ్వు కుడిచెయ్యి పట్టుకో.”

“ఎడమ చెయ్యి?”

“దాంతోటి నిన్ను తిడ్త.”

కోడలు నవ్వింది. కళ్లు తుడుచుకోవడానికి మళ్లీ వంటింట్లోకి పోయింది. నేను ఆ మాటలన్నీ ఆ వరుసలోనే కాగితం మీద కొత్తగా రాశాను, ఈసారి సిరాతో. ఏ చికిత్స కావాలి, ఏది వద్దు. చేతులు కట్టవద్దు అన్నది విడిగా ఒక వాక్యంగా. పేరు చోట ఒక్క పేరు. గీత మీద ఇంకా ఎంతో చోటు మిగిలింది.

ఉప్పల్ చౌరస్తాకు అవతల, మెట్రో స్తంభాల పక్కన ఒక జిరాక్స్ దుకాణం, దాన్ని ఆనుకుని నోటరీ గది. ఆక్సిజన్ సిలిండర్‌తో పాటు అక్కను ఆటోలో తీసుకెళ్లాం. సాక్షులుగా పక్కింటి రిటైర్డ్ టీచరు, పై పోర్షన్‌లో అద్దెకుండే ఆయన స్కూటర్ మీద వచ్చారు. బంధువులు కాని వాళ్లు కాబట్టి పిలిచిన వేళకు వచ్చారు. నోటరీ ఆమెను రెండుసార్లు అడిగాడు, ఎవరైనా బలవంతం చేశారా అని. “జేసెటోళ్లంత ఇంటికాడనే ఉన్నరు” అన్నది అక్క. సంతకం మెల్లగా పెట్టింది, పూర్తి పేరుతో.

జిరాక్స్ ప్రతులు తీయించుకుని చిన్న కోడలు ఒకటి డాక్టరుకని విడిగా పెట్టింది, ఒకటి తన హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది. అప్పుడే నా ఫోన్‌లో చప్పుడైంది. కుటుంబం గ్రూపులో పెద్ద మేనల్లుడు నిన్నటి ఫోటో పెట్టాడు. నడుమ అక్క, చుట్టూ పళ్లు. కింద రాశాడు: అమ్మ నిర్ణయానికి మేమందరం కలిసి అండగా నిలబడ్డాం. అల్లుడు బొటనవేలి బొమ్మ, మరిది దండాల బొమ్మలు.

అక్క చదవమంటే చదివి వినిపించాను.

“కింద అందరి పేర్లు పెట్టిండా?” అని అడిగింది.

“పెట్టిండు. మొదలు మీ మరిదిది.”

“మంచిగైంది” అన్నది అక్క. కోడలి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కింది.